లైంగిక నేరస్తుల రిజిస్ట్రీలు: నమోదు, బహిరంగ సమాచారం

లైంగిక నేరంలో శిక్ష పడినవాళ్లు జైలు నుంచి విడుదలైన తర్వాత కూడా తాము ఎక్కడ ఉంటున్నదీ, ఎక్కడ పనిచేస్తున్నదీ, ఏ బండి నడుపుతున్నదీ పోలీసులకు ఎప్పటికప్పుడు చెప్తూ ఉండాలనేవి నమోదు చట్టాలు. అలా పోగైన వివరాలను బడులకో, ఇరుగుపొరుగుకో, ఇంటర్నెట్ ద్వారా లోకం మొత్తానికో తెలియజేసేవి బహిరంగ సమాచార చట్టాలు. మాటల్లోనూ, వార్తల్లోనూ ఈ రెంటినీ ఒకే గాటన కట్టేయడం అలవాటైపోయింది. నిజానికి ఇవి పుట్టిన కాలాలు వేరు, ఉద్దేశాలు వేరు, ఫలితాలూ వేరు. మొదటిది పోలీసుల చేతిలో ఉండే పుస్తకం. రెండోది ఆ పుస్తకాన్ని తెరిచి వీధిలో పెట్టడం. ఈ చట్టాల గురించి జరిగే వాదనల్లో చాలావరకు రెండో దాని చుట్టూ తిరిగేవే.

రెండూ పూర్తిస్థాయిలో పెరిగిన దేశం అమెరికా. కనుక ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ దేశం గురించే.

పుట్టుక

నేరస్తుల పేర్లు రాసిపెట్టుకోవడం అమెరికాలో లైంగిక నేరాలతో మొదలవలేదు. 1930లలో లాస్ ఏంజెలెస్ వంటి చోట్ల ముఠాల కట్టడికని, శిక్ష పడిన ఎవరైనా ఊళ్లోకొస్తే పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలనే స్థానిక శాసనాలు ఉండేవి. లైంగిక నేరస్తులకు ప్రత్యేకంగా రాష్ట్రవ్యాప్త రిజిస్టర్‌ను 1947లో తొలిసారి పెట్టింది కాలిఫోర్నియా. తర్వాతి నాలుగు దశాబ్దాలు అది స్టేషన్ బీరువాలో ఉండే జాబితా మాత్రమే. నేరం జరిగినప్పుడు అనుమానితుల కోసం పోలీసులు తిరగేసేవాళ్లు. పొరుగింటివాళ్లకు దాని సంగతే తెలియదు.

ఆ తలుపులు తెరిచింది వాషింగ్టన్ రాష్ట్రం. 1989లో టకోమా నగరంలో, పాత నేరచరిత్ర ఉన్న ఒకడు చిన్నపిల్లవాడి మీద ఘోరమైన దాడి చేశాడు. ఆ ఆగ్రహంలోంచి 1990లో వచ్చిన చట్టం, ప్రమాదకరమని తోచిన నేరస్తుల వివరాలను ప్రజలకు చెప్పే అధికారాన్ని మొదటిసారి పోలీసులకు ఇచ్చింది.

అప్పట్నుంచి ఈ చట్టాలకు చనిపోయిన పిల్లల పేర్లు పెట్టడం ఆనవాయితీ అయింది. 1989 అక్టోబర్‌లో మిన్నెసోటాలోని సెయింట్ జోసెఫ్ అనే చిన్న ఊళ్లో, దుకాణం నుంచి సైకిల్ మీద ఇంటికొస్తున్న పదకొండేళ్ల జేకబ్ వెటర్లింగ్‌ను ముసుగు వేసుకున్న వ్యక్తి తుపాకి చూపించి ఎత్తుకుపోయాడు. ప్రతి రాష్ట్రమూ రిజిస్ట్రీ పెట్టాలంటూ 1994లో వచ్చిన ఫెడరల్ చట్టం ఆ పిల్లవాడి పేరు మీదే ఉంది. అదే ఏడాది జులైలో న్యూజెర్సీలోని హామిల్టన్ టౌన్‌షిప్‌లో, ఏడేళ్ల మేగన్ కాంకాను ఎదురింట్లో ఉండే వ్యక్తి చంపేశాడు. అతనికి అంతకుముందే రెండుసార్లు శిక్ష పడింది. ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు. తెలిసుంటే మా బిడ్డ మాకు దక్కేదని తల్లిదండ్రులు అన్నారు. మూడు నెలల్లో న్యూజెర్సీ చట్టం చేసింది. 1996 మేలో దాన్ని దేశమంతటికీ వర్తింపజేస్తూ క్లింటన్ సంతకం చేశారు. ‘మేగన్ చట్టం’ అనే మాట అలా వాడుకలోకి వచ్చింది.

జేకబ్ కథకు తర్వాత ఒక మలుపు ఉంది, అది ఈ చట్టాల మూలానికే సంబంధించింది. 2016లో హంతకుడు నేరం ఒప్పుకొని, జేకబ్ అవశేషాలు ఎక్కడున్నాయో చూపించాడు. 1989 నాటికి అతనికి ఏ లైంగిక నేరంలోనూ శిక్ష పడలేదు. అంటే ఆ రోజుకే రిజిస్ట్రీ ఉన్నా, అందులో అతని పేరు ఉండేది కాదు. జేకబ్ తల్లి ప్యాటీ వెటర్లింగ్ ఈ చట్టం కోసం మొదట అందరికంటే ముందు నిలబడిన మనిషి. కాలక్రమంలో, ముఖ్యంగా మైనర్ల పేర్లను కూడా జాబితాలోకి ఎక్కించడం చూశాక, ఇది దారి తప్పిందని ఆమే బహిరంగంగా చెప్పారు.

నమోదు ఎలా జరుగుతుంది

ఇప్పుడు అమలులో ఉన్న ఫెడరల్ చట్రం 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం. 1981లో ఫ్లోరిడాలో అపహరణకు గురై హత్యకు బలైన ఆరేళ్ల ఆడమ్ పేరు పెట్టి, ఆ అపహరణకు సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజునే జార్జ్ డబ్ల్యూ. బుష్ సంతకం చేశారు. ఇది నేరాలను మూడు అంచెలుగా విడదీస్తుంది. మొదటి అంచెలోని వ్యక్తి 15 ఏళ్ల పాటు ఏడాదికోసారి, రెండో అంచె వ్యక్తి 25 ఏళ్ల పాటు ఆరు నెలలకోసారి, మూడో అంచె వ్యక్తి బతికున్నంతకాలం మూడు నెలలకోసారి స్వయంగా అధికారుల ముందు హాజరు కావాలి. ఇల్లు, ఉద్యోగం, చదువుకునే చోటు, పేరు మారితే మూడు పనిదినాల్లో చెప్పాలి. ఫొటో, వేలిముద్రలు, డీఎన్ఏ నమూనా, బండి నంబరు, ఇంటర్నెట్‌లో వాడే పేర్లు కూడా ఇవ్వాలి. రాష్ట్రం దాటి వెళ్లి నమోదు చేసుకోకపోతే అది ఫెడరల్ నేరం, పదేళ్ల వరకు జైలు.

అంచె దేన్ని బట్టి నిర్ణయిస్తారన్నది కీలకం. ఫెడరల్ చట్టం చూసేది ఏ సెక్షన్ కింద శిక్ష పడిందన్నదే. ఆ మనిషి మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతన్నది అది చూడదు. న్యూజెర్సీ వంటి రాష్ట్రాలు మాత్రం వయసు, పాత నేరాలు, బాధితులతో ఉన్న సంబంధం, చికిత్స తీసుకున్నాడా లేదా వంటివి లెక్కగట్టి ప్రమాదస్థాయి నిర్ణయిస్తాయి. అక్కడ తక్కువ ప్రమాదం ఉన్నవాడి సంగతి పోలీసులకే తెలుస్తుంది. మధ్యస్థమైతే బడులకు, పిల్లలతో పనిచేసే సంస్థలకు చెప్తారు. ఎక్కువైతేనే చుట్టుపక్కల ఇళ్లకు కబురు వెళ్తుంది. మనిషిని చూసి తూచే ఈ పద్ధతికి ఖర్చెక్కువ, శ్రమ ఎక్కువ. సెక్షన్ చూసి ముద్ర వేయడం గుమాస్తా పని. రాజకీయ నాయకులు రెండోదానికి మొగ్గు చూపడంలో వింతేమీ లేదు.

పాటించని రాష్ట్రాలకు పోలీసు నిధుల్లో పది శాతం కోత పెడతామని ఫెడరల్ ప్రభుత్వం హెచ్చరించింది. అయినా సగానికి పైగా రాష్ట్రాలు పూర్తిగా అమలు చేయలేదు. కొన్నిటికి అమలు ఖర్చు ఆ కోత కంటే ఎక్కువైంది. మరికొన్నిటికి పద్నాలుగేళ్లు దాటిన పిల్లల్ని కూడా నమోదు చేయాలన్న నిబంధన మింగుడుపడలేదు. చాలాకాలం ప్రతి ఒక్కరినీ జీవితాంతం జాబితాలో ఉంచిన కాలిఫోర్నియా కూడా, 2021 నుంచి పదేళ్లు, ఇరవై ఏళ్లు, జీవితకాలం అనే మూడు అంచెలకు మారింది.

వీధిలోకి వచ్చిన జాబితా

మొదట్లో కబురు కరపత్రాల ద్వారా, ఊరి సమావేశాల ద్వారా వెళ్లేది. ఇంటర్నెట్ వచ్చాక ప్రతి రాష్ట్రమూ వెబ్‌సైట్ పెట్టింది. వీటన్నిటినీ ఒకేచోట వెతికే జాతీయ సైట్, 2003లో నార్త్ డకోటాలో అపహరణకు గురై హత్యకు బలైన విద్యార్థిని డ్రూ షోడిన్ పేరు మీద నడుస్తోంది. పేరో, పిన్‌కోడో కొడితే ఫొటో, చిరునామా, నేరం వివరాలు వచ్చేస్తాయి. అమెరికా మొత్తంలో నమోదైన వాళ్లు 7.5 లక్షలకు పైమాటే.

కొన్ని రాష్ట్రాలు ఇంకా ముందుకెళ్లాయి. లూసియానాలో నేరస్తుడే సొంత ఖర్చుతో పొరుగువాళ్లకు ఉత్తరాలు పంపాలి, పత్రికలో ప్రకటన వేయించాలి. అక్కడి గుర్తింపు కార్డు మీద నారింజ రంగు పెద్ద అక్షరాలతో ‘లైంగిక నేరస్తుడు’ అని ముద్రించేవాళ్లు. అలా బలవంతంగా ఒక మాటను మోయించడం వాక్‌స్వేచ్ఛకు విరుద్ధమని 2020లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. జార్జియాలో ఒక కౌంటీ పోలీసులు హాలోవీన్ పండగనాడు ఇలాంటివాళ్ల ఇళ్ల ముందు హెచ్చరిక బోర్డులు పాతితే, అదీ చెల్లదని 2022లో అప్పీళ్ల కోర్టు చెప్పింది.

తెరిచిన జాబితాను చదివేవాళ్లలో జాగ్రత్తపరులైన తల్లిదండ్రులే ఉండరు. 2006లో కెనడా నుంచి వచ్చిన ఓ యువకుడు మెయిన్ రాష్ట్రపు వెబ్‌సైట్‌లో చిరునామాలు చూసుకుని ఇద్దర్ని కాల్చి చంపాడు. వాళ్లలో ఒకరి నేరం, తన స్నేహితురాలికి పదహారేళ్లు నిండకముందు ఆమెతో సంబంధం పెట్టుకోవడం. అప్పటికి అతను కూడా ఇరవై దాటని కుర్రవాడే. జాబితాలో మాత్రం అతని పేరు మిగతావాళ్లతో పాటే ఉంది.

నివాస నిషేధాలు

నమోదు, సమాచారం కాక, మూడోది ఒకటుంది. బడికి, పార్కుకు, పిల్లల సంరక్షణ కేంద్రానికి ఇన్ని అడుగుల లోపు నివాసం ఉండకూడదనే ఆంక్షలు ఇవి. ఇవి ఫెడరల్ చట్టంలో లేవు. రాష్ట్రాలూ, ఊళ్లూ పోటీపడి పెట్టుకున్నవే. 2005లో మయామీ-డేడ్ కౌంటీ ఈ దూరాన్ని 2,500 అడుగులకు పెంచింది. మ్యాప్ మీద వృత్తాలు గీస్తే ఊరంతా నిండిపోయింది. అద్దెకు ఇల్లు దొరకనివాళ్లు సముద్రపాయ మీది జూలియా టటిల్ వంతెన కింద గుడారాలు వేసుకున్నారు. పదుల సంఖ్యలో మనుషులు అక్కడే ఉండేవాళ్లు. పెరోల్ అధికారులు రాత్రిపూట అక్కడికే వెళ్లి హాజరు చూసుకునేవాళ్లు. 2010లో ఆ గుడారాలను తొలగించారు.

అయోవా అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. అక్కడ 2,000 అడుగుల నిషేధం 2005 నుంచి గట్టిగా అమలైంది. ఏడాది తిరక్కుండానే ఆచూకీ తెలియని నేరస్తుల సంఖ్య రెట్టింపు దాటింది. ఇల్లు లేనివాడు ఏ చిరునామా రాయించుకుంటాడు? ఈ చట్టం పిల్లల్ని కాపాడటం లేదు, దీన్ని మార్చండని 2006లో శాసనసభను అడిగింది అయోవా కౌంటీ అటార్నీల సంఘం, అంటే నేరస్తుల్ని జైలుకు పంపే ప్రాసిక్యూటర్లు. మిన్నెసోటా జైళ్ల శాఖ 2007లో, విడుదలయ్యాక మళ్లీ లైంగిక నేరం చేసిన 224 మంది కేసుల్ని ఒక్కొక్కటిగా పరిశీలించింది. నివాస నిషేధం ఉండి ఉంటే ఆగిపోయేదని చెప్పదగ్గ కేసు ఒక్కటీ దొరకలేదు.

శిక్షా, నియంత్రణా?

శిక్ష అనుభవించేశాక మళ్లీ ఈ భారమేమిటన్నది కోర్టుల ముందుకు పదే పదే వచ్చిన ప్రశ్న. ఇది శిక్షే అయితే, చట్టం రాకముందు జరిగిన నేరాలకు దాన్ని వర్తింపజేయడం అమెరికా రాజ్యాంగం ప్రకారం కుదరదు. 2003లో అలాస్కా చట్టం మీద తీర్పిస్తూ, ఇది ప్రజల భద్రత కోసం పెట్టిన నియంత్రణే తప్ప శిక్ష కాదని సుప్రీంకోర్టు మెజారిటీ తేల్చింది. వెబ్‌సైట్‌లో పేరు చూడడం పాత రికార్డుల గదికెళ్లి చూడడం లాంటిదేనని జస్టిస్ కెనడీ రాశారు. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో సెర్చ్ ఇంజిన్లు ఆ పోలికను ఎక్కడికి తీసుకెళ్లాయో వేరే చెప్పనక్కర్లేదు. వింతేమిటంటే, అదే అలాస్కా చట్టం తమ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం శిక్షేనని 2008లో అలాస్కా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మిషిగన్ చట్టం శిక్షతో సమానమని 2016లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అంది. నమోదైనవాళ్లు సోషల్ మీడియా వాడకూడదన్న నార్త్ కరొలినా నిషేధాన్ని 2017లో సుప్రీంకోర్టే కొట్టేసింది.

ఈ తీర్పుల వెనక ఒక అంకె దాగి ఉంది. చికిత్స పొందని లైంగిక నేరస్తుల్లో 80 శాతం దాకా మళ్లీ నేరం చేస్తారన్న మాట 2002లో సుప్రీంకోర్టు అభిప్రాయంలోకి వచ్చింది, 2003 తీర్పు దాన్నే అనుసరించింది. దాని మూలం వెతుక్కుంటూ వెళ్తే, 1986లో ఒక ప్రజాదరణ పొందిన మనస్తత్వ పత్రికలో ఒక జైలు చికిత్సకుడు రాసిన వాక్యం దగ్గర ఆగుతుంది. దానికి ఆధారంగా ఏ అధ్యయనమూ లేదు. 1994లో పదిహేను రాష్ట్రాల్లో విడుదలైన 9,691 మందిని అమెరికా న్యాయశాఖ గణాంక విభాగం మూడేళ్లు గమనిస్తే, మళ్లీ లైంగిక నేరంలో అరెస్టయినవాళ్లు 5.3 శాతం. ఈ నేరాల్లో ఫిర్యాదు దాకా రానివే ఎక్కువ కనుక అసలు సంఖ్య ఇంతకంటే పెద్దదే అయి ఉండాలి. అయినా ఐదుకీ ఎనభైకీ మధ్య దూరాన్ని ఆ ఒక్క కారణంతో పూడ్చలేం.

పనిచేస్తుందా?

ఈ ప్రశ్నకు ఇప్పటివరకు వచ్చిన జవాబుల్లో నాకు ఎక్కువ ఆలోచింపజేసేదిగా కనిపించింది 2011లో ఆర్థికవేత్తలు ప్రెస్కాట్, రాకాఫ్ ప్రచురించిన పరిశోధన. వాళ్లు నమోదునూ బహిరంగ సమాచారాన్నీ విడదీసి లెక్క చూశారు. పోలీసుల దగ్గర నమోదు చేయడం వల్ల, నేరస్తుడికి దగ్గరివాళ్లు, తెలిసినవాళ్లు బాధితులయ్యే నేరాలు తగ్గిన జాడ కనిపించింది. బహిరంగ సమాచారం కొత్తవాళ్లు నేరానికి దిగకుండా భయపెట్టి ఉండొచ్చు గానీ, అప్పటికే జాబితాలో ఉన్నవాళ్లు మళ్లీ నేరం చేయడాన్ని పెంచుతున్నట్టు తేలింది. ఉద్యోగం, ఇల్లు, మనుషులు అన్నీ పోయినవాడికి పోగొట్టుకోవడానికి ఇంకేమీ మిగలదని దానికి వాళ్లు చెప్పిన వివరణ.

అసలు చిక్కు మరోచోట ఉంది. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల్లో, అమెరికా పోలీసు రికార్డుల ప్రకారం, అపరిచితులు చేసేవి నూటికి ఏడు. మిగతావన్నీ ఇంట్లోవాళ్లు, బంధువులు, తెలిసినవాళ్లు చేసేవే. జేకబ్‌నూ ఆడమ్‌నూ ఎత్తుకుపోయింది అపరిచితులు. చట్టాలకు పేరిచ్చింది ఆ అరుదైన కేసులే కావడంతో, చట్టమంతా ఆ అపరిచితుడి బొమ్మనే ముందు పెట్టుకుని తయారైంది. పైగా ఇంట్లోవాడే నేరస్తుడైనప్పుడు అతని పేరు ప్రకటిస్తే బాధితురాలెవరో ఊరందరికీ తెలిసిపోతుంది. ఆ భయంతో ఫిర్యాదులు ఆగిపోతాయన్నది పిల్లలతో పనిచేసేవాళ్లు ఎప్పట్నుంచో చెప్తున్న మాట.

ఇతర దేశాలు

బ్రిటన్‌లో రిజిస్టర్ 1997లో మొదలైంది. అది ఇప్పటికీ పోలీసుల వరకే. 2000 వేసవిలో ఎనిమిదేళ్ల సారా పేన్ హత్య జరిగింది. హంతకుడి పేరు అప్పటికే రిజిస్టర్‌లో ఉంది. న్యూస్ ఆఫ్ ద వరల్డ్ పత్రిక నేరస్తుల ఫొటోలు, పేర్లు వరసపెట్టి అచ్చేసింది. పోర్ట్స్‌మత్‌లోని పాల్స్‌గ్రోవ్‌లో అల్లరిమూకలు ఇళ్ల మీద పడ్డాయి. నేరంతో ఏ సంబంధమూ లేని కుటుంబాలు ఇళ్లు వదిలి పారిపోయాయి. వేల్స్‌లో ఒక పిల్లల డాక్టర్ ఇంటి మీద బూతు రాతలు రాశారు. పీడియాట్రిషన్ (పిల్లల డాక్టర్) అనే మాటను రాసినవాళ్లు పీడోఫైల్ (పిల్లలపై లైంగిక వాంఛ ఉన్నవాడు) అని అర్థం చేసుకున్నారట. దాంతో బ్రిటన్ మధ్యేమార్గం పట్టింది. 2008లో ప్రయోగాత్మకంగా మొదలై, 2011 నాటికి ఇంగ్లండ్, వేల్స్ అంతటా విస్తరించిన పథకం కింద, తమ పిల్లలకు దగ్గరవుతున్న ఫలానా వ్యక్తి గురించి తల్లిదండ్రులు పోలీసుల్ని అడగొచ్చు. ప్రమాదం ఉందనిపిస్తే, బిడ్డను కాపాడగలిగిన మనిషికి మాత్రమే పోలీసులు చెప్తారు. విన్నవాళ్లు దాన్ని బయటపెట్టకూడదు. సమీక్షకు అవకాశం లేకుండా జీవితాంతం రిజిస్టర్‌లో ఉంచడం మానవహక్కులకు విరుద్ధమని 2010లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పడంతో, పెద్దలకు పదిహేనేళ్ల తర్వాత సమీక్ష అడిగే హక్కు వచ్చింది.

కెనడా జాతీయ రిజిస్ట్రీ కూడా పోలీసులదే. శిక్ష పడిన ప్రతివాణ్ణీ తప్పనిసరిగా చేర్చాలన్న నిబంధనను 2022లో ఆ దేశపు సుప్రీంకోర్టు కొట్టేసింది. అమెరికా దారిలో నడిచినవాటిలో ముఖ్యమైనది దక్షిణ కొరియా. 2010 నుంచి అక్కడ ప్రభుత్వ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, పిల్లలున్న ఇళ్లకు విడిగా కబురు కూడా పంపుతారు. ఆ వివరాలను కాపీ చేసి ఇతరులకు పంచితే మాత్రం నేరం.

ప్రవాసులకు సంబంధించినంత వరకు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ చట్టాలతో సంబంధం రెండు మూడు చోట్ల పడుతుంది. పౌరసత్వం లేనివాళ్లకు మైనర్‌పై లైంగిక నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అది చాలు. పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే, మైనర్‌పై నిర్దేశిత నేరంలో శిక్ష పడినవాడు భార్యకో, కాబోయే భార్యకో వీసా పిటిషన్ వేయకుండా 2006 చట్టం అడ్డుకుంటుంది. ఆమెకు తన వల్ల ఏ ప్రమాదమూ లేదని అతను నిరూపించుకుంటే తప్ప పిటిషన్ సాగదు. రిజిస్ట్రీలో ఉన్నవాళ్లు విదేశీ ప్రయాణం సంగతి ఇరవై ఒక్క రోజుల ముందే అధికారులకు చెప్పాలి. 2016 చట్టం ప్రకారం మైనర్లపై నేరం చేసి రిజిస్ట్రీలో ఉన్నవాళ్ల పాస్‌పోర్టులో ఆ సంగతి అచ్చులో ఉంటుంది. అమెరికా సంబంధం చూసేవాళ్లు ఉద్యోగం, జీతం, వీసా అన్నీ ఆరా తీస్తారు గానీ, రెండు నిమిషాల్లో ఉచితంగా తేలిపోయే ఈ ఒక్క సంగతి చూసుకోవడం అరుదు.

భారతదేశం

జాతీయ లైంగిక నేరస్తుల డేటాబేస్‌ను 2018 సెప్టెంబర్ 20న కేంద్ర హోంశాఖ ప్రారంభించింది. జాతీయ నేర గణాంక సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. అత్యాచారం, పోక్సో వంటి కేసుల్లో శిక్ష పడినవాళ్ల వివరాలు ఇందులో ఉంటాయి. ప్రారంభం నాటికే సుమారు 4.4 లక్షల నమోదులున్నాయి. చూసే అధికారం దర్యాప్తు సంస్థలకే. అమెరికాలోలా నేరస్తుడు తిరిగి తిరిగి వచ్చి చిరునామా చెప్పుకునే బాధ్యత ఇందులో లేదు. రికార్డుల్లో ఉన్న సమాచారాన్ని ఒకచోట చేర్చిన పట్టిక ఇది. ఒక మనిషిపై పోలీసులు నిఘా ఉంచడం మాత్రం మనకు కొత్త కాదు. రౌడీషీట్, హిస్టరీషీట్ అనే మాటలు తెలుగు ఊళ్లలో చదువు రానివాళ్లకూ తెలుసు. ఏ చట్టం కింద తెరిచారు, ఎన్నాళ్లు ఉంచుతారని వాటిమీద హైకోర్టుల్లో పిటిషన్లు పడుతూనే ఉంటాయి.

బహిరంగ రిజిస్ట్రీకి దేశంలో అందరికంటే దగ్గరగా వెళ్లినవాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి హత్య తర్వాత, డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లుల్ని ఆమోదించింది. ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు అన్న నిబంధనకే అప్పట్లో ప్రచారమంతా దక్కింది. స్త్రీలు, పిల్లలపై నేరాలు చేసినవాళ్ల ఎలక్ట్రానిక్ రిజిస్టర్ పెట్టి ప్రజలకు అందుబాటులో ఉంచాలన్న అంశం అందులో ఉన్నట్టు చాలామంది గమనించలేదు. రాష్ట్రపతి ఆమోదం రాకపోవడంతో ఆ రిజిస్టర్ అమల్లోకి రాలేదు.

వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి మన లెక్కలే చాలు. అత్యాచారం కేసుల్లో నిందితుడు బాధితురాలికి ముందే తెలిసినవాడని జాతీయ నేర గణాంకాలు ఏటా 90 శాతానికి మించి చూపుతున్నాయి. అత్యాచార బాధితుల పేరు బయటపెట్టడం మన చట్టంలో నేరం. పిల్లల విషయంలో పోక్సో సెక్షన్ 23 ఇంకా కఠినం. మేనమామ పేరో, సవతి తండ్రి పేరో వెబ్‌సైట్‌లో పెట్టి, ఆ బిడ్డెవరో ఊరికి తెలియకుండా దాచడం ఎవరివల్లా కాదు. ఇంటిపేరుతోనే ఇల్లు పోల్చుకునే మన పల్లెల్లో అది మరీ అసాధ్యం.

2020 నాటి పోక్సో నియమాలు మరో దారి చూపాయి. బడులు, శిశుసంరక్షణ కేంద్రాలు, క్రీడా అకాడమీలు, హాస్టళ్లు వంటి పిల్లలతో నిత్యం పనిపడే సంస్థలన్నీ తమ సిబ్బంది మొత్తానికి నిర్ణీత కాలానికోసారి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి. పేరు ఊరందరికీ తెలియనక్కర్లేదు, ఉద్యోగం ఇచ్చే చోట తెలిస్తే చాలన్నది ఇందులోని లెక్క. నేరస్తుల జాబితాలో పేరు ఎక్కాలంటే మాత్రం కేసు శిక్ష దాకా వెళ్లి ఉండాలి. సాక్షిగా రావాల్సిన తల్లికీ, అమ్మమ్మకూ నిందితుడు సొంత మనిషే అయినప్పుడు రాజీ కుదిరి కోర్టులో మాట మారితే, ఏ జాబితాలోనూ ఆ పేరు ఎక్కదు.